నూగు పాపాయి, నున్నపురం రాజు

రండి, రండి. హాసినీ, ఆ దుప్పటి ఇటు లాగు. ఒరేయ్ బాచీ, కాలు తీసి నా పొట్ట మీద వేస్తావేంట్రా, నేను మనిషినా, బాలీసునా? ఆఁ, అలా జరుగు. గట్టిగా అరవకండి. తమ్ముడు ఇప్పుడే నిద్రపోయాడు. వాడు లేచాడంటే మీ అమ్మ లేస్తుంది, మీ అమ్మ లేచిందంటే నాకు చీవాట్లు.

పొద్దున వాడికి నలుగు పెడుతుంటే ఏమన్నావే హాసినీ? చెవుల మీద వెంట్రుకలున్నాయి, వీపంతా వెంట్రుకలున్నాయి, వీడు కోతిపిల్లా అమ్మమ్మా అన్నావు. నువ్వు నవ్వుతూనే అన్నావులే. మీ అమ్మ మాత్రం వాడిని గబుక్కున తువ్వాల్లో చుట్టేసుకుంది, చూశావా? అందుకని ఇవాళ ఆ కథే చెప్తాను. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే నా కథ మధ్యలో చతికిలబడిపోతుంది, లేపడం నావల్ల కాదు.

అనగా అనగా, మీ తాతకి తాత ఉంటాడు కదా, ఆయనకి ఇంకా మీసమన్నా మొలవని రోజుల్లో, నున్నపురమని ఒక ఊరుండేది. ఆ ఊరికో రాజు. పేరు నిగనిగరాజు. ఆయనకో పిచ్చి. ఏం పిచ్చి అంటే, అన్నీ నున్నగా ఉండాలి. గోడ నున్నగా ఉండాలి, గడప నున్నగా ఉండాలి, గిన్నె నున్నగా ఉండాలి, గుండు నున్నగా ఉండాలి. గోడలకి సున్నం వేసి గులకరాయితో పామీ పామీ అద్దంలా చేయించాడు. దాంతో ఏమైందిట? బల్లులు పాకలేక జారి కింద పడేవిట. వచ్చే పోయే వాళ్ళ నెత్తి మీద టపీమని బల్లి. ఇక ఆ ఊళ్ళో అందరూ పొద్దస్తమానం బల్లి శాస్త్రం చూసుకోవడమే పని.

నవ్వకండే, తమ్ముడు లేస్తాడు.

గేదెలకి ఒళ్ళంతా గీయించేశాడు. గొర్రెలకి ఉన్ని ఉండడానికి వీల్లేదన్నాడు. పాపం, అవి చలికి వణుక్కుంటూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడేవి. కోళ్ళున్న వాళ్ళు, అవి పిల్లల్ని పొదిగాయంటే చాలు, గంప కింద దాచేసేవారు. ఎందుకంటే కోడిపిల్ల ఒళ్ళంతా నూగే కదా, పచ్చటి దూదిలాగా. రాజుగారి కంట పడితే దాన్ని కూడా గీకమంటాడేమోనని భయం. ఒక్క ఏనుగంటే మాత్రం ఆయనకి ప్రాణం. జంతువంటే అదీ, ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు, నా గోడలాగే ఉంది అని మురిసిపోయేవాడు. దూరం నుంచే లెండి. దగ్గరికి వెళ్ళాలంటే భయం.

ఊ కొడుతున్నారా? బాచీగాడు కొట్టట్లేదు. కొట్టు.

ఆ రాజుకో రాణి. ఆవిణ్ణి పెద్దరాణి అనేవారు. వాళ్ళకి ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కి మూతి మీద నూనూగు మీసం వచ్చిన రోజున ఊరందరికీ బూరెలు పంచారు. అబ్బాయికి మీసం వచ్చింది, నూనూగు మీసం వచ్చింది అని మేళాలు పెట్టారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

ఆ అబ్బాయికి పారిజాతమని ఒక పిల్లని తెచ్చి పెళ్ళి చేశారు. మంచి పిల్ల. మాట మెత్తన, మనసు గట్టిది. ఆ పిల్ల నీళ్ళోసుకుంది. పురిటికి పుట్టింటికి పంపాలా వద్దా? ఎవరైనా పంపుతారు. మీ అమ్మ రాలేదూ? ఈయన మాత్రం పంపనన్నాడు. ఎందుకయ్యా అంటే, వాళ్ళ ఊరి దార్లు గరుకుట! సరే, కోటలోనే పురుడు పోసుకుంది. ఆడపిల్ల. ఎర్రగా, గుండ్రంగా, పిడికిళ్ళు బిగించుకుని, నేనొచ్చాను చూసుకోండి అన్నట్టు కేరుమంది.

రాజుగారు పరిగెత్తుకొచ్చాడు మనవరాల్ని చూద్దామని. మంత్రసాని పొత్తిగుడ్డ తీసి చూపించింది. చూసిన వాడు చూసినట్టే ఉండిపోయాడు. పిల్ల ఒళ్ళంతా నూగు! నుదుటి మీద నూగు, చెవుల మీద నూగు, భుజాల మీద నూగు, వీపున సుడి తిరిగి మరీ నూగు.

"ఇదేంటిది? నా మనవరాలా, ఎలుగుబంటి పిల్లా?" అన్నాడు.

మంత్రసాని చెప్పబోయింది, కొంతమంది పిల్లలు ఇలాగే పుడతారయ్యా అని. ఆయన వింటేగా! బారసాల నాటికి ఈ పిల్ల వెన్నముద్దలాగా నున్నగా అవ్వాలి, అయితేనే ఉయ్యాల్లో వేసి పేరు పెడతాను, లేదంటే తల్లీ పిల్లా ఆ గరుకు ఊరికే పోవాలి, మళ్ళీ నా గడప తొక్కడానికి వీల్లేదు అనేశాడు. పల్లకీ కూడా సిద్ధంగా పెట్టమన్నాడు. కొడుకు అక్కడే నిలబడ్డాడు కానీ వాళ్ళ నాన్న ముందు నోరెత్తడు. మీసం దువ్వుకుంటూ నేల చూశాడు.

పారిజాతానికి గుండె గుభేలుమంది. పల్లకీ ఎక్కడానికి కాదు. తండ్రి ఉండీ తండ్రి దగ్గర లేకుండా, పేరు లేకుండా, ఎలుగుబంటి పిల్ల అనిపించుకుంటూ నా బిడ్డ పెరగాలా అని.

ఇక మొదలైంది చూడండి రుద్దుడు! మనం నలుగు పెట్టమూ? శెనగపిండి, పసుపు, కాస్త మీగడ కలిపి, మెత్తగా ముద్ద చేసి, నూనె రాసిన ఒంటి మీద అలా అలా దొర్లిస్తాం. బిడ్డకి హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. అంతే దాని పని. వీళ్ళేం చేశారంటే, నూగంతా ఇప్పుడే ఊడిపోవాలని పట్టుబట్టారు. ఒకావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుని రుద్దింది. ఆవిడ చేతులు నొప్పెడితే ఇంకొకావిడ. ఆవిడ లేస్తే మరొకావిడ. రుద్దారు రుద్దారు, పిండి అయిపోయింది. రుద్దారు రుద్దారు, పసుపు అయిపోయింది. రుద్దారు రుద్దారు, మీగడ అయిపోయింది, రాజుగారి పెరుగన్నంలోకి మీగడ లేకుండా పోయింది. పిల్ల ఒళ్ళు దానిమ్మ గింజలా ఎర్రబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పాలు తాగడం మానేసింది.

నూగు మాత్రం పోలేదు.

పారిజాతం ఇక ఆగలేదు. లేచి వెళ్ళి ఆ కాళ్ళ మీంచి పిల్లని ఎత్తేసుకుంది. ఇక నా బిడ్డ మీద ఎవ్వరూ చెయ్యి వెయ్యొద్దు అంది. అయ్యో, మామగారేమంటారో అని వాళ్ళందరూ బుగ్గలు నొక్కుకున్నారు. ఏమన్నా పడేదాన్ని నేను, మీకెందుకు అంది. గదిలోకి పోయి, చల్లటి వెన్న తీసి, వేలి కొసతో, ఊపిరి తగిలినట్టుగా రాసింది. పిల్ల ఎక్కిళ్ళు పెట్టి పెట్టి, రొమ్ము పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది పారిజాతం. అప్పటిదాకా ఏడవలేదు.

ఏం హాసినీ, ఊ అనట్లేదేం? ముక్కు తుడుచుకో. ఏం కాదులే, కథలో పిల్ల బాగానే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

రుద్దడం మానేసింది సరే, బారసాల దగ్గర పడుతోందే! ఏం చెయ్యాలి? జంతువులు పిల్లల్ని కంటాయి కదా, వాటికీ నూగుంటుంది కదా, అవెలా పోగొడతాయో అడిగొస్తాను అనుకుంది. పిల్లని ఎత్తుకుని కోట పెరట్లోకి వెళ్ళింది. పచ్చి బాలింత అలా బయట తిరగొచ్చా అని మీ అమ్మలాగా నన్నడక్కండి. కథలో తిరగొచ్చు.

గంప ఎత్తి చూసింది. కింద కోడి, కోడి కింద పిల్లలు.

"కోడమ్మా, కోడమ్మా, నీ పిల్లల నూగు ఎలా రాలుస్తావమ్మా?"

కోడికి కోపమొచ్చింది. నేనెందుకు రాలుస్తానే, ఆ నూగు లేకపోతే నా పిల్ల వానాకాలం రాకుండానే బిగుసుకుపోదూ, ఈకలొచ్చిన నాడు అదే పోతుంది, పోయినట్టు దానికే తెలీదు, కావాలంటే గేదెనడుగు అంది.

గేదె దగ్గరికెళ్ళింది. దూడ అప్పుడే పుట్టింది, రాగి రంగు బొచ్చుతో, తడితడిగా, కాళ్ళు నిలవక ఊగుతోంది.

"గేదమ్మా, గేదమ్మా, కోడినడిగితే నిన్నడగమంది. నీ దూడ నూగు ఎలా రాలుస్తావమ్మా?"

గేదె నెమరు వేసింది. వేసింది, వేసింది, మీ తాతయ్య తాంబూలం నమిలినట్టు తీరిగ్గా వేసి, అప్పుడంది. నాకు రాల్చడం రాదమ్మా, నాకడమే వచ్చు, నాకితే అది రాలదు, నిగనిగలాడుతుంది, నాలుక తగిలినప్పుడల్లా దూడకి అమ్మ ఇక్కడే ఉందని తెలుస్తుంది, అదీ నూగు పని, ఇంకా కావాలంటే ఏనుగునడుగు, అదే కదా మీ మామగారి నున్నటి జంతువు అంది.

ఏనుగు దగ్గరికెళ్ళేసరికి పొద్దు వాలిపోతోంది. గజశాల పడమటి వైపు. ఏటవాలు ఎండ లోపలికి పడుతోంది.

"ఏనుగమ్మా, ఏనుగమ్మా, కోడినడిగితే గేదెనడగమంది, గేదెనడిగితే నిన్నడగమంది. నువ్వింత నున్నగా ఎలా ఉన్నావమ్మా?"

ఏనుగు ఏం మాట్లాడలేదు. పెద్దవాళ్ళు అంత తొందరగా మాట్లాడరు. కాస్త పక్కకి జరిగింది, అంతే. దాని వెనకాల గున్న ఉంది. ఆ గున్న నెత్తి మీద, వీపు మీద, ఎండలో ఎర్రగా, నిక్కపొడుచుకుని, చీపురు కట్టలా బొచ్చు! పారిజాతానికి నవ్వొచ్చింది. మళ్ళీ తల్లి ఏనుగు వంక చూసింది. చూస్తే ఏముంది? ఆ ఎండలో దాని వీపంతా, చెవులంతా, తొండమంతా పలచగా వెంట్రుకలు, బంగారు తీగల్లాగా మెరుస్తున్నాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఎవరికీ కనపడనివి, పొద్దు వాలితే కనపడ్డాయి.

చెయ్యి చాపి ఏనుగు మీద పెడదామనుకుంది. తన చెయ్యి తనే చూసుకుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా, సన్నగా, బంగారు నూగు.

పారిజాతం అక్కడే గడ్డిలో కూర్చుని నవ్వింది. నవ్వి, పిల్ల చెవిలో పాట పాడింది.

"కోడిపిల్లకి కోడి ఇచ్చింది,
గేదెదూడకి గేదె ఇచ్చింది,
గున్న ఏనుక్కి ఏనుగు ఇచ్చింది,
నా చిట్టితల్లికి నేనే ఇచ్చా!"

పాడండి చూద్దాం. ఆఁ, బాచీ, నువ్వు కూడా. గట్టిగా వద్దు.

ఉపాయమైతే దొరికింది. కానీ తనొక్కతే చెయ్యగలిగేది కాదు. అత్తగారు కలిసిరావాలి. వంటింట్లోకి వెళ్ళింది. పెద్దరాణి కూరలు ఏరుతోంది. రాణిగారేంటి, కూరలేరడమేంటి అంటారా? ఆనపకాయ దగ్గర ఆవిడ ఎవర్నీ నమ్మేది కాదు, అచ్చం నాలాగే. ఒక్కొక్క కాయా చేత్తో తడిమి, ఇది నున్నబడిపోయింది, ముదిరింది, దూడలకి వెయ్యండి అంటోంది. ఒక కాయని మాత్రం చెంపకి ఆనించుకుంది. చూడవే అమ్మాయ్, ఎంత నూగుందో, పాలుగారే లేతది, ఇవాళ దీన్ని పాలు పోసి వండుతాను అంది మురిసిపోతూ.

పారిజాతం పిల్లని తీసుకెళ్ళి ఆ కాయ పక్కన పడుకోబెట్టింది.

"అత్తయ్యగారూ, కాయకి నూగుంటే లేతదని చెంపకి ఆనించుకున్నారు. నా పిల్లని ఒక్కసారైనా ఆనించుకున్నారా?"

 పెద్దరాణి చేతిలో కాయ చేతిలోనే ఉంది. కాయ వంక చూసింది, పిల్ల వంక చూసింది. కాయ పక్కన పెట్టి, తడి చేతులు పమిటకి తుడుచుకుని, పిల్లని ఎత్తుకుని చెంపకి ఆనించుకుంది. ఎంతసేపు ఆనించుకుందో, పొయ్యి మీద పాలు పొంగి కిందకి పోయాయి. అప్పుడు కళ్ళొత్తుకుని, ఏం చెయ్యమంటావో చెప్పు అమ్మాయ్ అంది.

పెద్దగా ఏం అక్కర్లేదు అత్తయ్యగారూ, ఉయ్యాలని లోపల కొలువులో కాకుండా పడమటి అరుగు మీద వేయించండి, పొద్దు వాలే వేళకి ముహూర్తం పెట్టించండి అంది కోడలు. ఓస్, అంతేనా అంది అత్తగారు. రాజుగారితో ఆవిడే చెప్పింది, పడమటి గాలి పిల్లకి మంచిదట అని. ఏ గాలైతే నాకేం, పల్లకీ తూర్పు వాకిట్లో ఉంది అన్నాడాయన.

బారసాల వచ్చింది. ఊరు ఊరంతా వచ్చింది. ఉయ్యాలకి పూలు చుట్టారు, శెనగలు నానబోశారు, పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాయడానికి ఉంగరం పెట్టారు. పారిజాతం పిల్లని చీర కొంగులో చుట్టి తెచ్చింది. రాజుగారు నున్నటి గుండుకి నూనె రాయించుకుని, గడ్డం ఎత్తుకుని సింహాసనం మీద కూర్చున్నాడు.

"ఏమమ్మా, పిల్ల నున్నబడిందా?"

"మీరే చూడండి మావయ్యగారూ" అని కొంగు తీసింది.

సరిగ్గా అప్పుడే వాలే పొద్దు అరుగు మీద పడింది. పిల్ల ఒళ్ళంతా బంగారు పొడి చల్లినట్టు మెరిసింది. చెవులు మెరిశాయి, భుజాలు మెరిశాయి, నుదురు మెరిసింది. చూసిన వాళ్ళు ఆఁ అని నోళ్ళు తెరిచారు.

రాజుగారికి కోపం నషాళానికంటింది. "అలాగే ఉందే! ఒక్క వెంట్రుకన్నా పోలేదే! ఎవరక్కడ, పల్లకీ!" అని లేచి అరిచాడు.

లేచాడా, ఎండ ఆయన మీద కూడా పడింది. పెద్దరాణి కిసుక్కున నవ్వింది.

"ఏవండోయ్, మీ చెవులు!"

ఏముంది ఆ చెవుల్లో? ముసలాళ్ళ చెవులు మీరు చూడలేదూ? తాతయ్య చెవులు చూడండి రేపు. రాజుగారి రెండు చెవుల మీదా మొక్కజొన్న పీచులాగా ధగధగా మెరిసిపోతున్నాయి వెంట్రుకలు! ముక్కు మీద కూడా రెండు మూడు. నున్నటి గుండు చుట్టూ నూగు, మెడ వెనక నూగు. మంత్రిగారు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. రాజు ఆయన వంక చూస్తే, మంత్రి బుగ్గల మీద నూగు. పెద్దరాణి వంక చూస్తే, పెదవి మీద సన్నగా నూగు. పురోహితుడి వీపున నూగు, పాడే ముత్తయిదువల చేతుల మీద నూగు, వాకిట్లో ఉన్న జనం జనమంతా అంచులు వెలిగించినట్టు మెరుస్తున్నారు. ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకుని, నీకూ ఉందే, నీకూ ఉందిరో అని ఒకటే గోల.

అప్పుడు నోరు తెరిచాడు కొడుకు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళ నాన్నకి ఎదురు చెప్పడం అదే మొదలు.

"నాన్నగారూ, నాకు మూతి మీద వస్తే బూరెలు పంచారు. నా కూతురికి వీపు మీద వచ్చింది. పల్లకీ తెప్పిస్తే నేను కూడా ఎక్కుతాను."

రాజుగారు ఒక అడుగు వెనక్కి వేశాడు. సింహాసనం మీద కూర్చోబోయి, అది నున్నగా ఉండడంతో జారి, అరుగు మీద చతికిలపడ్డాడు.

నవ్వండిలే, ఇక్కడ నవ్వొచ్చు. దిండు అడ్డం పెట్టుకుని నవ్వండి.

పారిజాతం నవ్వలేదు. వెళ్ళి పిల్లని ఆయన ఒళ్ళో పడుకోబెట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన ముట్టుకోలేదు మరి. భయం భయంగా, ఏనుగు దగ్గరికెళ్ళినట్టు, వేలు చాపాడు. పిల్ల నిద్రలో ఆ వేలు పట్టుకుంది. పట్టుకుని, వీపు విరుచుకుని, ఆయన ముంజేతి మీద బుగ్గ ఆనించింది. నూగు బుగ్గ. మెత్తగా, వెచ్చగా, కోడిపిల్లలాగా.

రాజుగారి చేతి మీద వెంట్రుకలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ఒళ్ళంతా జల్లుమంది. ఆయనకి అంతకు ముందు ఎప్పుడూ అలా అవ్వలేదు, ఎప్పుడు చూసినా గోడల్నే తడుముకునేవాడాయె.

"ఇదేంటమ్మా, నాకేదో అవుతోంది" అన్నాడు చిన్నపిల్లాడిలాగా.

"ఏం కాలేదు మావయ్యగారూ, ఒళ్ళు పులకరించింది. నున్నటి గోడకి ఎవరు ముద్దు పెట్టినా ఇది రాదు" అంది పారిజాతం.

ఆయన కళ్ళమ్మట నీళ్ళు. పల్లకీ తీసుకెళ్ళి ముసలావిడలెవరైనా ఉంటే వాళ్ళని ఇళ్ళకి దింపండర్రా అన్నాడు. ఉంగరం తీసుకుని పళ్ళెంలో బియ్యం మీద తనే పేరు రాశాడు, పులకిత అని. పిల్లని తనే ఉయ్యాల్లో వేశాడు. మర్నాటి నుంచి గొర్రెలకి ఉన్ని, గేదెలకి బొచ్చు, కోడిపిల్లలకి వాకిలి. గోడలు పామడం మానేశారు, బల్లులు హాయిగా పాకాయి.

అయిపోలేదు, ఉండండి. కొసరుంది.

కొన్నాళ్ళకి, ఎవ్వరూ ఏం చెయ్యకుండానే, పిల్ల వీపు మీద నూగు రాలిపోయింది. కోడి చెప్పినట్టే, పోయినట్టు దానికే తెలీదు. రాజుగారికి మాత్రం తెలిసింది. పొద్దున్నే ఎత్తుకుని వీపు నిమిరి, లబోదిబోమన్నాడు. నా మనవరాలి నూగేదీ, ఎవరు గీకారు, ఎవరు రుద్దారు, ఇప్పుడే చెప్పండి అని కోటంతా తిరిగాడు. చివరికి పెద్దరాణి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, పొద్దు వాలేదాకా ఆగమంది. పొద్దు వాలింది. పిల్ల చేతి మీద, కనపడీ కనపడకుండా, సన్నటి బంగారం. అమ్మయ్య, ఉంది అన్నాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం తాతా మనవరాలూ ఆ అరుగు మీదే. అందరూ సుఖంగా ఉన్నారు.

అందుకనే, రేపు నలుగు పెట్టేటప్పుడు నువ్వు కూడా రా హాసినీ. ముద్ద నీ చేతికిస్తాను. ఊడగొట్టడానికి కాదు, అలా అలా దొర్లించడానికి. మీ అమ్మని కూడా పిలిచి చూపిద్దాం. మీ అమ్మ పుట్టినప్పుడు చెవుల మీద జడ వేసేంత నూగు, తెలుసా? నీకూ అంతే.

ఏంటే, దీపం దగ్గర చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నావు? కనపడిందా? ఊఁ, ఉంటుంది. బాచీగాడిది రేపు చూద్దువుగాని, వాడు ఎప్పుడో ఊ కొట్టడం మానేశాడు. మెల్లిగా వెళ్ళి తమ్ముడి చెవి మీద ఒక ముద్దు పెట్టి రా. లేపకు.

వచ్చావా? పడుకో. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.